పీహెచ్‌డీ అయ్యాక మెడిసిన్: రాజీనామాకు ముందు తేల్చుకోవాల్సినవి

అమెరికాలోని ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధకురాలిగా) పనిచేస్తున్న పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 33 ఏళ్లు. ఇంటర్‌లో బైపీసీ. మెడిసిన్ సీటు కొద్దిలో తప్పిపోతే మూడేళ్ల బీఎస్సీ, ఆ తర్వాత హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశారు. అమెరికా వచ్చి క్యాన్సర్ బయాలజీలో పీహెచ్‌డీ ముగించారు. ఇప్పుడు పోస్ట్‌డాక్‌లో మూడో ఏడు, హెచ్‌-1బి వీసా. భర్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడో ఆమోదం పొందింది, ఈబీ-2 అనే ఉద్యోగ ఆధారిత విభాగంలో ప్రయారిటీ డేట్ (క్యూలో స్థానం చెప్పే తేదీ) 2014 చివర. నాలుగేళ్ల పాప ఉంది.

వారానికి రెండుసార్లు ఆపరేషన్ థియేటర్ దగ్గర నిలబడి, సర్జన్ తీసిన కణితి ముక్కను ఐస్ బకెట్‌లో ల్యాబ్‌కి తెచ్చుకోవడం ఆమె పనిలో భాగం. "గొట్టం మీద లేబుల్ ఉంటుంది. ఒక నంబరు, ‘స్త్రీ, 46’ అని అంతే. ఆ గొట్టంతో నెల రోజులు గడుపుతాను. ఆ మనిషికి ఏమైందో నాకెప్పటికీ తెలియదు. ఈ మధ్య అది భరించలేకపోతున్నాను" అని రాశారు. సొంత ల్యాబ్ వైపు వెళ్లే పోస్ట్‌డాక్‌లకిచ్చే కె99 గ్రాంటు రెండోసారి కూడా రాలేదని తెలిసిన రాత్రి మెడికల్ స్కూళ్ల వివరాలు చూస్తూ కూర్చుంటే తెల్లారిపోయిందట. వాళ్లమ్మ "చదవాలనే ఉంటే ఇండియా వచ్చి నీట్ రాయి, పాపను నేను చూసుకుంటా" అంటున్నారు. స్నేహితురాలు కరీబియన్ కాలేజీల పేర్లు పంపింది. భర్త మాత్రం "నువ్వు చేస్తానంటే నేను వద్దనను, డబ్బు లెక్క ఒకసారి కూర్చుని చూద్దాం" అన్నారు. ఆమె ప్రశ్నలు నాలుగు. పీహెచ్‌డీ వల్ల మేలు జరుగుతుందా, కీడా? మళ్లీ డిగ్రీ చేయాలా? ఉద్యోగం మానేసి ఎంక్యాట్‌కి (అమెరికా మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్షకి) కూర్చోవాలా? పీఐకి (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌కి) ఎప్పుడు చెప్పాలి?

సమాధానం:

మీ ఉత్తరం నిండా పీహెచ్‌డీ గురించిన దిగులే ఉంది. వయసు మీరిపోయిందనుకుంటారేమో, పరిశోధన చేతకాక వచ్చిందనుకుంటారేమో అని. ఆ దిగులు చాలావరకు వదిలేయండి. పీహెచ్‌డీ మీ దారికి అడ్డం కాదు, అలాగని దానంతటదే తలుపు తీయదు కూడా. మిమ్మల్ని ఆపగలిగినవి రెండున్నాయి. ఒకటి ఇండియాలో చేసిన డిగ్రీ, రెండోది గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రాకపోవడం. ఈ రెండింటి మాట మీ ఉత్తరంలో ఒక్కో వాక్యంలో ముగిసిపోయింది. నేను వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు డిగ్రీ సంగతి. ఎండీ స్కూళ్లలో (అమెరికాలో మొదటి వైద్య డిగ్రీయే ఎండీ) ఎక్కువ భాగానికి దరఖాస్తు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ ద్వారా వెళ్తుంది. విదేశాల్లో చదివిన కోర్సుల మార్కుల్ని ఆమ్‌కాస్ సరిచూడదు, జీపీఏలో (4కి లెక్కవేసే గ్రేడుల సగటులో) కలపదు. మీ కాలేజీ పేరు దరఖాస్తులో రాస్తారు, అంతవరకే. విదేశీ మార్కుల్ని అమెరికా పద్ధతిలోకి మార్చే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో మూల్యాంకనం చేయించినా ఆమ్‌కాస్ లెక్క మారదు. పీహెచ్‌డీలో చేసిన కోర్సుల మార్కుల్ని గ్రాడ్యుయేట్ జీపీఏ కింద విడిగా చూపిస్తుంది. అడ్మిషన్ కమిటీలు మొదట చూసేది అండర్‌గ్రాడ్యుయేట్ జీపీఏని, అందులోనూ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపిన సైన్స్ జీపీఏని. మీ విషయంలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. మీకొచ్చిన యూనివర్సిటీ ర్యాంకు కూడా ఆ గడిని నింపలేదు.

కాబట్టి "మళ్లీ డిగ్రీ చేయాలా" అన్న ప్రశ్నకు జవాబు: మొత్తం డిగ్రీ అక్కర్లేదు కానీ, డిగ్రీ స్థాయి కోర్సులు కొన్ని అమెరికాలో చేయక తప్పదు. ఎన్ని అన్నది స్కూలుని బట్టి మారుతుంది. కొన్ని స్కూళ్లు అమెరికా లేదా కెనడాలో బ్యాచిలర్ డిగ్రీ ఉండి తీరాలంటాయి, వాటిని జాబితాలోంచి కొట్టేయండి. కొన్ని ఇన్ని క్రెడిట్లు ఇక్కడ చదివి ఉండాలంటాయి. మరికొన్ని ప్రీరిక్విజిట్లు (ముందే చదివి ఉండాల్సిన కోర్సులు) మాత్రం ఇక్కడ చేస్తే చాలంటాయి. అంటే మామూలుగా బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కొక్కటి ల్యాబ్‌తో సహా రెండు సెమిస్టర్లు, బయోకెమిస్ట్రీ ఒకటి, వీటితో పాటు ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్. పై స్థాయి కోర్సు చేసినవాళ్లకు కింది కోర్సు మినహాయించే స్కూళ్లూ ఉన్నాయి. మీ పీహెచ్‌డీలో గ్రేడు వచ్చిన బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ కోర్సులు ఇక్కడ పనికొస్తాయి. థీసిస్ క్రెడిట్లు ‘సంతృప్తికరం’ అనే గ్రేడుతో ఉంటే వాటిని లెక్కపెట్టుకోకండి.

ఇది ఊహతో తేలే విషయం కాదు. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్ల ఎంఎస్‌ఏఆర్ డేటాబేస్‌కి (స్కూళ్ల ప్రవేశ వివరాలు ఉండేది) ఏడాది చందా కట్టి, 20 నుంచి 25 స్కూళ్లు ఎంచుకోండి. ప్రతి అడ్మిషన్స్ ఆఫీసుకీ అయిదారు వాక్యాల ఈమెయిల్ పంపండి. మీ డిగ్రీలు, అవి ఎక్కడ చేశారో ఒక వాక్యంలో చెప్పి, మూడే ప్రశ్నలు అడగండి. విదేశీ బ్యాచిలర్, ఎమ్మెస్సీ మీద అమెరికా పీహెచ్‌డీ ఉన్నవాళ్లు అర్హులేనా? అమెరికాలో కనీసం ఎన్ని క్రెడిట్లు, ఏయే కోర్సులు ఉండాలి, కమ్యూనిటీ కాలేజీలో చేస్తే ఒప్పుకుంటారా? గ్రీన్‌కార్డు దరఖాస్తు నాటికే చేతిలో ఉండాలా, చేరేనాటికి వస్తే చాలా? వచ్చిన జవాబులన్నీ తేదీలతో ఒకచోట దాచండి. ఆఫీసులో మనిషి మారితే మాట మారుతుంది, అప్పుడు ఆ ఈమెయిలే మీకు ఆధారం. ఫోన్‌లో చెప్పిన మాటను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇక ఆ కోర్సులు చదివే తీరు. పీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫ్రెష్‌మన్ ఫిజిక్సే కదా అనుకుంటారు. ఎలుకల ప్రయోగం ఉన్న రోజే మిడ్‌టర్మ్ పడుతుంది, ప్రయోగం ఆపలేరు, పరీక్షకి చదవకుండా వెళ్తారు. మీకున్న అండర్‌గ్రాడ్యుయేట్ క్రెడిట్లు కొన్నే కాబట్టి ఒక్క తప్పు ఎంత కనబడుతుందో చూడండి. మీరు ఆరు కోర్సులు, 24 క్రెడిట్లు చేశారనుకుందాం. అయిదింట్లో ‘ఎ’ వచ్చి ఒక్క నాలుగు క్రెడిట్ల కోర్సులో ‘సి’ వస్తే జీపీఏ 3.67కి పడిపోతుంది. 120 క్రెడిట్లు చదివిన అమ్మాయికి అదే ఒక్క ‘సి’ వస్తే 3.93 దగ్గర నిలుస్తుంది. సీటు వచ్చినవాళ్ల సగటు జీపీఏ ఈ మధ్య 3.8 దగ్గర ఉంటోంది. అందుకే సెమిస్టర్‌కి రెండు కోర్సులు మించొద్దు. మొదటి సెమిస్టర్‌లో ఒక్కటే తీసుకున్నా తప్పులేదు. హెచ్‌-1బి మీద ఉద్యోగం కొనసాగిస్తూ పార్ట్‌టైమ్ చదువుకోవచ్చు, దానికి వీసా మార్చుకోనక్కర్లేదు. మీ యూనివర్సిటీలో ఉద్యోగులకు ఫీజు రాయితీ ఉందేమో, అది పోస్ట్‌డాక్‌లకు వర్తిస్తుందో లేదో హెచ్ఆర్‌ని అడగండి. ఫెలోషిప్ మీద జీతం వచ్చేవాళ్లని ఒక్కోసారి ఉద్యోగుల కింద లెక్కవేయరు.

ఇప్పుడు గ్రీన్‌కార్డు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే సీటిచ్చే స్కూళ్లు చాలా ఉన్నాయి, ముఖ్యంగా రాష్ట్ర ప్రభుత్వాలవి. విదేశీయుల్ని తీసుకునే వాటిలో కొన్ని, ఒక ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు అయ్యే ఖర్చంతా ముందే ఎస్క్రో ఖాతాలో (ఫీజుల కోసమే విడిగా కట్టిపెట్టే ఖాతాలో) వేసి చూపించమంటాయి. కార్డు లేనంతకాలం ఫెడరల్ విద్యారుణం మీకు రాదు. ప్రైవేటు బ్యాంకు ఇవ్వాలంటే సాధారణంగా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవారో సహసంతకం చేయాలి. ఐ-485 (గ్రీన్‌కార్డు చివరి దరఖాస్తు) వేసి ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చినా సరిపోదు. స్కూలు ‘పర్మనెంట్ రెసిడెంట్’ అంటే కార్డు వచ్చినవాళ్లనే అర్థం.

మీ పేరు మీద ఎన్ఐడబ్ల్యూ (దేశ ప్రయోజనం చూపి, కంపెనీ లేకుండా మీరే వేసుకునే గ్రీన్‌కార్డు పిటిషన్) వేద్దామనుకుంటున్నానని రాశారు. దానివల్ల ఒరిగేది కనబడటం లేదు. ఈబీ-2 ఇండియాలో మీకు ఇప్పటి తేదీ వస్తుంది, అది మీ వారి 2014కి దరిదాపుల్లో ఉండదు. పైగా ఆ పిటిషన్‌లో ఇదే పరిశోధన కొనసాగిస్తానని, అది దేశానికి అవసరమని వాదిస్తారు. అదే ఏడాది మెడికల్ స్కూలుకి దరఖాస్తు చేస్తే ఆ వాదన మీకే అడ్డం వస్తుంది. భర్త ఫైల్ మీద డిపెండెంట్‌గా వచ్చే గ్రీన్‌కార్డుకి మీరేం చదువుతున్నారన్నది సంబంధం లేని విషయం. తేదీ దగ్గరకొస్తోందని మీరే అన్నారు కాబట్టి, మీ ప్రణాళిక మొత్తం దాని చుట్టూ అల్లుకోవడమే మంచిది.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది, దానికి మంచీ చెడూ రెండూ ఉన్నాయి. మీ వారి ఐ-140 ఆమోదమైంది కాబట్టి మీరు హెచ్‌-4కి (హెచ్‌-1బి ఉన్నవారి కుటుంబానికిచ్చే వీసాకి) మారి ఈఏడీ తీసుకోవచ్చు. అప్పుడు ఎక్కడైనా జీతానికి పనిచేయొచ్చు, పోస్ట్‌డాక్‌ని సగానికి తగ్గించుకుని క్లినిక్‌లో స్క్రైబ్‌గానో (డాక్టర్ తరఫున రోగి వివరాలు రాసే పని) మెడికల్ అసిస్టెంట్‌గానో చేరొచ్చు, ఫుల్‌టైమ్ చదవొచ్చు కూడా. హెచ్‌-1బి మీద ఉండగా అలాంటి జీతం పని చేయకూడదు. వారానికి నాలుగు గంటల స్క్రైబ్ పనైనా సరే, స్టేటస్ ఉల్లంఘన కిందకు వస్తుంది. డబ్బు పుచ్చుకోకుండా, అందరూ ఉచితంగానే చేసే వాలంటీర్ పని అయితే ఇబ్బంది లేదు. ఇక చెడు మాట: 2025 అక్టోబర్ 30 నుంచి ఈఏడీ రెన్యువల్ వేసినవాళ్లకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే పాత కార్డు గడువు ముగిసిన రోజే పని ఆపేయాలి. ల్యాబ్‌లో ప్రయోగం మధ్యలో ఉండగా అలా ఆగాల్సివస్తే మీకూ కష్టం, మీ పీఐకీ కష్టం. ఇప్పటికైతే హెచ్‌-1బి మీదే ఉండటం నాకు మేలనిపిస్తోంది.

ఈ రెండూ అయ్యాక మూడోది, నిజానికి అన్నిటికన్నా ముందు చేయాల్సింది: రోగుల దగ్గర కొన్నాళ్లు గడిపి చూడటం. గొట్టం మీద ‘స్త్రీ, 46’ అని ఉంటే ఆ మనిషిని చూడాలనిపించడం చిన్న విషయం కాదు, ఆ కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే మీరు మెడికల్ స్కూళ్ల వివరాలు చూసింది గ్రాంటు పోయిన రాత్రి. రోగుల దగ్గరికి వెళ్లాలన్న తపన ఎంత, ల్యాబ్ నుంచి బయటపడాలన్న ఆరాటం ఎంత అన్నది మీకే ఇంకా తెలిసి ఉండదు. ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: పీహెచ్‌డీ ఉంది కదా, క్యాన్సర్ రోగులకు పరిశోధనతోనే సేవ చేయొచ్చు కదా, డాక్టరే ఎందుకు కావాలి? దీనికి కూర్చుని ఆలోచిస్తే జవాబు రాదు. వార్డులో నిలబడితే వస్తుంది.

ఆస్పత్రి వాలంటీర్ విభాగంలో దరఖాస్తు చేసుకోండి. టీబీ పరీక్ష, టీకాల రికార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఓరియంటేషన్ ఇవన్నీ అయ్యేసరికి నెలా రెండు నెలలు పడుతుంది, కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. శనివారం ఉదయం నాలుగు గంటలు, ఆరు నెలలు చేస్తే వంద గంటలు దాటుతాయి. గిఫ్ట్ షాపు, ఫైళ్ల పని ఇస్తామంటే వద్దనండి, రోగి మంచం దగ్గర ఉండే పని అడగండి. కీమో ఇన్‌ఫ్యూజన్ వార్డు, హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ), ఎమర్జెన్సీ ఇలాంటివి. అక్కడ మీరు చేసేది చిన్న పనే. వేడి దుప్పటి తేవడం, వాంతి వస్తుంటే బేసిన్ అందించడం, మూడు గంటలు డ్రిప్ కింద కూర్చునే ఆవిడ తన మనవడి గురించి రెండోసారి చెబుతున్నా వినడం. ఇంటికొచ్చాక మూడు వాక్యాలు రాసుకోండి, రోగి పేరు, గుర్తుపట్టే వివరం ఏదీ లేకుండా. ఏం జరిగింది, మీరేం చేశారు, మళ్లీ వెళ్లాలనిపించిందా. ఆరు నెలల తర్వాత ఆ నోట్‌బుక్ చదివితే మీకు తెలిసిపోతుంది. వెళ్లాలనే ఉంటే, సెకండరీ వ్యాసాలకు (దరఖాస్తు తర్వాత ఒక్కో స్కూలూ విడిగా అడిగేవి) సామగ్రి అంతా అందులోనే ఉంటుంది.

డాక్టర్ల వెంట ఉండి పని చూసే షాడోయింగ్‌కి మీకున్న సౌకర్యం అందరికీ ఉండదు. మీకు కణితులు ఇచ్చే సర్జన్‌నే అడగండి, ట్యూమర్ బోర్డు మీటింగులకు (డాక్టర్లంతా కలిసి ఒక్కో క్యాన్సర్ కేసు చర్చించేవి) వస్తానని చెప్పండి. మొత్తం 40, 50 గంటలు చాలు. అందులో ఒకరు మాత్రం కుటుంబ వైద్యులో, మామూలు ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరో అయి ఉండాలి. క్యాన్సర్ సెంటర్ ఒక్కటే చూసి వచ్చినవాళ్లకి వైద్యమంటే ఏమిటో తెలియదని కమిటీలు అనుకుంటాయి. బీపీ మందు మార్చడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవై మందిని చూసి రాత్రి నోట్స్ రాసుకోవడం కూడా వైద్యమే. దాన్ని చూసి కూడా కావాలనిపించాలి.

ఎంక్యాట్ కోసం ఉద్యోగం మానొద్దు. నాలుగు విభాగాలు, ఒక్కోదానికి 118 నుంచి 132, మొత్తం 472 నుంచి 528. సీటు వచ్చినవాళ్ల సగటు 512 దగ్గర ఉంటోంది. పరీక్ష కేంద్రంలో విరామాలతో కలిపి ఏడున్నర గంటలు కూర్చోవాలి, క్యాలిక్యులేటర్ ఇవ్వరు. ప్రయోగాల గ్రాఫులు చదివి అర్థం చెప్పే ప్రశ్నల్లో మీకు తిరుగుండదు. మిమ్మల్ని పడేసేవి మూడు: కటకాలు, సర్క్యూట్లు, ద్రవాల ప్రవాహం లాంటి ఇంటర్ నాటి ఫిజిక్స్, పదజాలం కంఠస్థం పట్టాల్సిన సైకాలజీ, సోషియాలజీ, సైన్స్ బొత్తిగా లేని కార్స్ అనే చదివి అర్థం చేసుకునే విభాగం. కార్స్‌లో మన దగ్గర చదువుకున్నవాళ్లకి మార్కులు ఆలస్యంగా పెరుగుతాయి. రోజుకి రెండు పాసేజీలు, అయిదారు నెలలు, ఏఏఎంసీ సొంత మెటీరియల్‌తో చేయాలి. పరిశోధన అలవాటు ఉన్నవాళ్లు పాసేజీలో లేని సమాచారాన్ని తమ బుర్రలోంచి తెచ్చి జవాబు పెడతారు, తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. మొత్తం మీద 300, 350 గంటల చదువు. ఫిజిక్స్ కోర్సు అయ్యాక రాస్తే అందులో కొంత భారం తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. చాలా స్కూళ్లు మూడేళ్ల లోపు స్కోరునే ఒప్పుకుంటాయి, కొన్ని రెండేళ్లే అంటాయి. గ్రీన్‌కార్డు రాకముందే తొందరపడి రాస్తే, కార్డు వచ్చేసరికి స్కోరు గడువు ముగుస్తుంది. జీవితకాలంలో ఏడుసార్లే రాయనిస్తారు, వచ్చిన ప్రతి స్కోరూ స్కూళ్లకు కనబడుతుంది. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: వాలంటీర్ పని, ఈమెయిళ్లు ఇప్పుడే, కోర్సులు వచ్చే సెమిస్టర్ నుంచి, ఐ-485 వేశాక ఎంక్యాట్ తేదీ, కార్డు వచ్చాక వచ్చే మేలో ఆమ్‌కాస్. మే మొదట్లో దరఖాస్తు తెరుస్తారు, మే చివరి నుంచి సమర్పించవచ్చు. సీట్లు వరుసగా నిండుతూ పోతాయి కాబట్టి జూన్ దాటనివ్వొద్దు. జులై, ఆగస్టుల్లో సెకండరీ వ్యాసాలు, చలికాలం అంతా ఇంటర్వ్యూలు, ఆ మరుసటి ఏడాది జులైలోనో ఆగస్టులోనో చేరడం.

దరఖాస్తులో పీహెచ్‌డీవాళ్లు చేసే తప్పు ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. పనులు, అనుభవాలు రాయడానికి 15 గడులు ఇస్తారు, ఒక్కోదాంట్లో 700 అక్షరాలు. పేపర్లు ఎనిమిది ఉన్నాయని ఎనిమిది గడులు నింపకండి, అన్నీ ఒకే గడిలో పెట్టండి. మిగిలినవి రోగులకి, విద్యార్థులకి, మీరు నేర్పిన అండర్‌గ్రాడ్ పిల్లలకి. 5,300 అక్షరాల పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ప్రోటీన్ పేరు ఒక్కటి కూడా రానవసరం లేదు. మీ గొట్టం, ఆ లేబుల్ రాయండి. అక్కడే ఆపకుండా, ఆ తర్వాత కీమో వార్డులో ఏం చూశారో రాయండి.

ఇక డబ్బు. నాలుగేళ్లకు జీవన వ్యయంతో కలిపి ప్రభుత్వ స్కూళ్లలో సుమారు 2.8 లక్షల డాలర్లు, ప్రైవేటులో 3.9 లక్షలు అవుతోంది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ రుణాలు (ఖర్చు మొత్తానికీ సరిపడా ఇచ్చిన ఫెడరల్ అప్పు) లేవు. మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలకు మించదు. అంటే ప్రైవేటు స్కూలైతే ఇంకో 1.9 లక్షలు మీ వారి జీతం నుంచో, ప్రైవేటు బ్యాంకు నుంచో రావాలి. రెసిడెన్సీ (ఎండీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ) మొదటి ఏడాది జీతం 65, 70 వేల మధ్య ఉంటుంది. మీరు 36లో చేరితే 40కి ఎండీ, ఇంటర్నల్ మెడిసిన్‌తో 43, ఆంకాలజీ దాకా వెళ్తే 46. పాపకు అప్పటికి పదిహేడు. భర్తతో కూర్చున్నప్పుడు ఈ వయసుల వరుస కూడా కాగితం మీద పెట్టండి. స్కూలు, రెసిడెన్సీ, ఫెలోషిప్ మూడూ మూడు ఊళ్లలో రావచ్చు. ఆయన ఉద్యోగం ఇంటి నుంచి చేసేది అయితే ఒక రకం, ఆఫీసుకి వెళ్లాల్సింది అయితే మరో రకం.

లెక్క మార్చేవి కొన్ని ఉన్నాయి. న్యూయార్క్‌లో ఎన్‌వైయూ గ్రాస్‌మన్ 2018 నుంచి, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 2024 నుంచి అందరికీ ట్యూషన్ తీసేశాయి. జాన్స్ హాప్‌కిన్స్ మూడు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తీసేసింది. క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీలో అయిదేళ్ల కోర్సు, పరిశోధన చేసే డాక్టర్ల కోసమే పెట్టింది, చేరినవాళ్లందరికీ పూర్తి ట్యూషన్ స్కాలర్‌షిప్. కొలంబియాలో బయాలజీ పీహెచ్‌డీ ఉన్నవాళ్లకి మూడేళ్లలో ఎండీ ముగించే మార్గం ఉంది. వీటిలో సీట్లు తక్కువ, పోటీ విపరీతం. జాబితాలో పెట్టుకోండి గానీ వీటి మీదే బతుకు ఆనించొద్దు. ఇలాంటి ప్రత్యేక మార్గం ఉంటే తప్ప, మామూలుగా పీహెచ్‌డీ వల్ల చదువు కాలం తగ్గదు. దాని విలువ తర్వాత తెలుస్తుంది. పరిశోధన దారిలో రెసిడెన్సీ ఎంచుకుంటే ఇంటర్నల్ మెడిసిన్ శిక్షణ రెండేళ్లకు కుదించుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఉండి పరిశోధన చేసేవాళ్ల అప్పుని ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఏడాదికి 50 వేల వరకు తీర్చే పథకం కూడా ఉంది.

డీఓ స్కూళ్లను (ఎండీతో సమానమైన ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ ఇచ్చేవి) తీసిపారేయకండి. వాటి దరఖాస్తు వ్యవస్థ మూల్యాంకనం చేయించిన విదేశీ కోర్సుల్ని చూస్తుంది, పెద్ద వయసు వాళ్లని ఎక్కువగా తీసుకుంటారు, స్కోర్లు కాస్త తక్కువున్నా చాలు. 2025 మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్ల కేటాయింపులో) చివరి ఏడాది చదివే ఎండీ సీనియర్లకు 93.5 శాతం రెసిడెన్సీ దొరికితే డీఓ సీనియర్లకు 92.6 దొరికింది. సొంత ల్యాబ్ పెట్టాలన్న కోరిక ఇంకా ఉంటే మాత్రం, పరిశోధన డబ్బు ఎక్కువగా ఎండీ స్కూళ్ల దగ్గరే ఉందని గుర్తుంచుకోండి.

మీ స్నేహితురాలు చెప్పిన కరీబియన్ దారిలో చేరడం సులువే. బయటికి రావడమే కష్టం. మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎక్కువ, ఆగినా అప్పు ఆగదు. విదేశీ స్కూలు నుంచి వచ్చిన అమెరికా పౌరులకి 2025 మ్యాచ్‌లో 67.8 శాతం, పౌరులు కానివాళ్లకి 58 శాతమే రెసిడెన్సీ దొరికింది. అమ్మ చెప్పిన నీట్‌కి వయసు అడ్డం కాదు, గరిష్ఠ వయోపరిమితి 2022లోనే తీసేశారు. అయితే ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్లు మీరక్కడ, మీ వారిక్కడ. అన్నేళ్లు దేశం బయట ఉంటే గ్రీన్‌కార్డు నిలబెట్టుకోవడం కష్టం. తిరిగొచ్చాక యూఎస్ఎంఎల్ఈ (అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష) రాసి మళ్లీ అదే 58 శాతం వరుసలో నిలబడాలి. పాపను చూసుకుంటానన్న అమ్మ మాట మాత్రం వదులుకోకండి. ఎంక్యాట్ ముందు మూడు నెలలు ఆమె ఇక్కడికొచ్చి ఉండగలిగితే అంతకన్నా పెద్ద సాయం లేదు.

ఆరు నెలల వాలంటీర్ పని తర్వాత నోట్‌బుక్ ఇంకోలా చెప్పొచ్చు. రోగుల దగ్గర ఉండటం ఇష్టమే, కానీ పదేళ్ల శిక్షణ వద్దు అనిపిస్తే జెనెటిక్ కౌన్సెలింగ్ రెండేళ్ల మాస్టర్స్. వంశపారంపర్య రొమ్ము క్యాన్సర్ ఉన్న కుటుంబాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడే పని అది, మీ చదువు దానికి సూటిగా పనికొస్తుంది. రోగికి ఉపయోగపడితే చాలు, ఎదురుగా కూర్చోనక్కర్లేదు అనిపిస్తే లేబొరేటరీ జెనెటిక్స్, క్లినికల్ కెమిస్ట్రీ, క్లినికల్ మైక్రోబయాలజీ ఫెలోషిప్‌లు పీహెచ్‌డీ వాళ్లకీ ఉన్నాయి, రెండు మూడేళ్లు, జీతంతో. బోర్డు పరీక్ష పాసయ్యాక రిపోర్టు మీద సంతకం మీదే ఉంటుంది. ఆ 46 ఏళ్ల ఆవిడకు ఏ మందు పనిచేస్తుందో చెప్పే కాగితం మీ చేతి మీదుగా వెళ్తుంది. ఆవిడ ముఖం చూడరు, కానీ ట్యూమర్ బోర్డులో ఆవిడ కథ వింటారు. ఇది మీకు చాలుతుందా లేదా అన్నది వార్డులో కొన్నాళ్లు ఉండి వచ్చాక నిజాయితీగా చెప్పగలరు.

చివరిగా పీఐ విషయం. మీ హెచ్‌-1బి ఆయన ల్యాబ్ మీద ఆధారపడి ఉంది, అందుకే మీ భయం న్యాయమైనదే. అలాగని దాచి ఉంచలేరు. పీహెచ్‌డీ గైడ్ ఉత్తరం, పీఐ ఉత్తరం రెండూ లేని దరఖాస్తును చూసి కమిటీ అక్కడేదో గొడవ జరిగిందనుకుంటుంది. ఈ రోజే చెబితే ‘గ్రాంటు పోయిన బాధలో అంటోంది’ అనుకుంటారు. దరఖాస్తుకు నెల ముందు చెబితే మోసపోయినట్టు భావిస్తారు. మధ్యలో చెప్పండి: వాలంటీర్ పని ఆరు నెలలు దాటి, ఒక సెమిస్టర్ ‘ఎ’ గ్రేడు చేతికొచ్చాక. వెళ్లేటప్పుడు మీ చేతిలో రెండు కాగితాలుండాలి. ఒకటి, ఇప్పుడున్న ప్రాజెక్టులో ఏ పేపరు ఏ నెలకి పూర్తిచేస్తారో, ఎవరికి ఏ పద్ధతి నేర్పి వెళ్తారో రాసిన పట్టిక. రెండోది, ఉత్తరంలో ఏం రాస్తే మీకు ఉపయోగమో అర పేజీ: మీరు పిల్లలకి ఎలా నేర్పారు, ఏడాది పాటు ప్రయోగం పనిచేయనప్పుడు ఎలా నిలబడ్డారు, సర్జన్లతో, నర్సులతో ఎలా మెలిగారు. అది ఇవ్వకపోతే ఆయన తనకు తెలిసినట్టే, మీరు వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను గుర్తించే ల్యాబ్ పద్ధతి) ఎంత బాగా చేస్తారో రెండు పేజీలు రాస్తారు. కోర్సులు చెప్పే ప్రొఫెసర్ల నుంచి కూడా రెండు ఉత్తరాలు అవసరమవుతాయి కాబట్టి, క్లాసు మొదలైన మూడో వారం నుంచే వాళ్ల ఆఫీస్ అవర్స్‌కి వెళ్లడం అలవాటు చేసుకోండి.